మంత్రిగారి వంద స్వతంత్ర బ్లాగులు

"మన దేశంలో స్వతంత్ర బ్లాగులు, అభ్యుదయ బ్లాగులు ఎక్కడెక్కడ దాగి ఉన్నాయో వెతికి, ఈ నెలాఖరులోగా వంద బ్లాగులను ప్రపంచం ముందు నిలబెడతాం. ఒక్కటి తగ్గినా నేను ఈ పదవిలో ఉండను!" అని మా సమాచార శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ప్రకటించారు.

మేమందరం చప్పట్లు కొట్టాం. కొట్టమని ఎవరూ చెప్పకుండానే కొట్టడం మా శాఖలో అదే మొదటిసారి.

ఇంత గొప్ప ఆలోచన ఆయనకు ఊరికే రాలేదు. అంతకుముందు వారం ఆయన ఏదో అంతర్జాతీయ సదస్సుకు వెళ్లారు. భోజనాల దగ్గర పక్క కుర్చీలో కూర్చున్న ఒక విదేశీ ఆవిడ, "మీ దేశం గురించి మీ ప్రభుత్వం రాసిందంతా చదివానండీ. మీవాళ్లు సొంతంగా రాసుకునే బ్లాగులు రెండు చెప్పండి, అవి కూడా చదువుతాను" అని అడిగిందట. ఇంకొకరైతే తెలియదని ఊరుకునేవారు. మంత్రిగారికి తెలియదనే అలవాటు లేదు. "రెండేమిటి తల్లీ, వంద ఉన్నాయి" అన్నారట. ఆవిడ నోటుబుక్కు తీసి, పేర్లు చెప్పమందట. "పేర్లు ఇలా అన్నం తింటూ చెబితే వాటికి గౌరవంగా ఉండదు. నెలాఖరుకి మీ బృందంతో రండి, దగ్గరుండి చూపిస్తా" అని మంత్రిగారు చెయ్యి కడుక్కున్నారట. ఆవిడ వస్తానంది. నిజంగానే టిక్కెట్టు కొనేసింది.

నేను ఆ శాఖలో కాంట్రాక్టు మీద పనిచేసే డేటా ఎంట్రీ మనిషిని. చదువు తొమ్మిదో తరగతి మధ్యలో ఆగిపోయినా టైపింగు మాత్రం చేతికి బాగా పట్టుబడింది. రెండో అంతస్తులో, జెరాక్సు మిషను వెనక, కిటికీ తెరుచుకోని గదిలో నా బల్ల. మాది పర్యవేక్షణ విభాగం. దేశంలో ఎవరెవరు ఏమేం రాస్తున్నారో చూసి, రాయకూడనిది రాసినవాళ్ల పేజీని మూసేయడం మా విభాగం ప్రజలకు చేసే సేవ. మూసిన ప్రతి పేజీనీ రిజిస్టరులో ఎక్కించడం నా పని. వరస నంబరు, బ్లాగు పేరు, రాసినవాళ్ల పేరు, ఏం రాశారు, ఎందుకు మూశాం. ఐదు గడులు. ఆ రిజిస్టరులో అప్పటికి మూడు వందల పన్నెండు పేజీలు ఎక్కాయి. నా కాంట్రాక్టు కూడా ఆ నెలాఖరుతోనే అయిపోతుంది.

మంత్రిగారి ప్రకటన విని అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే. ఎందుకో చెబుతాను.

మా కాలనీలో పన్నెండు వీధులు. అన్నిటికీ నీళ్లు ఒకే పెద్ద పైపులోంచి వస్తాయి. ఎగువన రంగుల ఫ్యాక్టరీ ఉంది. వాళ్లు అప్పుడప్పుడూ తొట్లు కడుగుతారు. ఆ నీళ్లు ఏ రోజు ఏ వీధి కుళాయిలో కలుస్తాయో ఆ కుళాయికి కూడా తెలియదు. రంగు ఉండదు, వాసన ఉండదు, కాచినా పోదు. ఏదో కాలేజీ ల్యాబులో సీసాలు కడిగే ఉద్యోగం చేసి మానేసిన ఒకాయన మా కాలనీలోనే ఉండేవాడు. మేమంతా నీళ్ల మాస్టారు అంటాం. ఆయన రోజూ తెల్లవారగానే పరీక్ష కాగితాలు పట్టుకుని వీధి వీధీ తిరిగి, ఒక్కో కుళాయి నీళ్లలో ముంచి, రంగు చూసి, 'మన కుళాయి' అనే తన బ్లాగులో రాసేవాడు. "మూడో వీధి: తాగొచ్చు. ఏడో వీధి: వద్దు." అంతే. ఒక విమర్శ లేదు, ఒక ఆశ్చర్యార్థకం లేదు. కాలనీలో తల్లులం లేవగానే ఆ పేజీ చూశాకే పిల్లల మొహం చూసేవాళ్లం. మాది ఏడో వీధి.

తొమ్మిది నెలల క్రితం ఆ పేజీ మూతపడింది. మూసింది మా విభాగమే. వరస నంబరు రెండు వందల ఎనిమిది. ఎక్కించింది నేనే. 'ఎందుకు మూశాం' అనే గడిలో, "వద్దు అనే మాటను పదే పదే వాడి ప్రజల్లో నిరుత్సాహం పెంచినందున" అని మా సూపరింటెండెంటుగారు చెబుతుంటే ఒక్క తప్పు లేకుండా కొట్టాను. ఆయన మెచ్చుకున్నారు. మరుసటి నెలలో మా చిన్నది పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. దానికి అప్పటికి రెండేళ్లు నిండలేదు. నీళ్లు మార్చమ్మా అన్నారు డాక్టరుగారు. ఏ నీళ్లకు మార్చాలో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. నా వెనక వరస పొడుగ్గా ఉంది.

అందుకని, వంద బ్లాగులు వెతుకుతున్నారంటే ఆ వందలో 'మన కుళాయి' కూడా ఒకటి కాకపోతుందా, అది మళ్లీ తెరుచుకోకపోతుందా అని నా ఆశ.

వెతకడం మొదలుపెట్టే ముందు ఏం వెతుకుతున్నామో తేల్చుకోవాలని డైరెక్టరుగారు కమిటీ వేశారు. ఏడుగురు సభ్యులు, ఎనిమిది కుర్చీలు. ఎనిమిదో కుర్చీ నాకు కాదు, మంత్రిగారి ఫొటోకి. నేను నిలబడి రాసుకున్నాను.

"స్వతంత్ర బ్లాగు అంటే ఏమిటయ్యా?" అన్నారు డైరెక్టరుగారు.

"దేని మీదా ఆధారపడనిది సార్" అన్నారు మా సూపరింటెండెంటుగారు.

"మరి పాఠకులు ఉంటారు కదా?"

"ఉంటే వాళ్ల మీద ఆధారపడినట్టే సార్. అసలు పాఠకులే లేనిదైతే నిఖార్సుగా ఉంటుంది."

"బాగుంది. వాస్తవాల సంగతి?"

సూపరింటెండెంటుగారు దానికీ సిద్ధంగానే ఉన్నారు. "వాస్తవాల మీద ఆధారపడినా ఆధారపడినట్టే కదా సార్."

"రాసుకో అమ్మా. మరి అభ్యుదయం అంటే?"

"ముందుకు పోవడం సార్."

"ఎవరు?"

అందరూ ఎనిమిదో కుర్చీ వైపు చూశారు. డైరెక్టరుగారు తృప్తిగా తల ఊపారు. కమిటీ రెండున్నర గంటల్లో ముగిసింది.

మర్నాడు పేపర్లలో ప్రకటన వేశారు. స్వతంత్ర బ్లాగర్లు తమ దరఖాస్తును మూడు ప్రతుల్లో పంపాలి. తాము స్వతంత్రులమని స్థానిక పోలీసు స్టేషను నుంచి ధ్రువపత్రం జతచేయాలి. తమ మీద ప్రభుత్వ ప్రభావం ఏమీ లేదని ప్రభుత్వ అధికారి ఎవరిచేతనైనా సంతకం పెట్టించాలి.

పది రోజుల్లో మూడు దరఖాస్తులు వచ్చాయి. మొదటిది మంత్రిగారి మేనల్లుడిది. ఆ బ్లాగులో మంత్రిగారి ఫొటోలు నలభై ఒకటి ఉన్నాయి, అక్షరాలు లేవు. పాఠకులు కూడా లేరు. కమిటీ ముక్తకంఠంతో ఆమోదించింది. రెండోది ఒక సిమెంటు కంపెనీది. తమ సిమెంటు ఎవరి మీదా ఆధారపడకుండా నిలబడుతుందని రాశారు. అదీ ఆమోదం పొందింది. మూడోది నిజంగా రాసేవాడిదే. కాకపోతే చిరునామా దగ్గర జైలు పేరు రాశాడు. శాశ్వత చిరునామా కాదు కాబట్టి తిప్పి పంపించాం.

"ఇంకా తొంభై ఎనిమిది కావాలి" అన్నారు డైరెక్టరుగారు. "బ్లాగులు కంప్యూటర్లోనే ఉంటాయట కదయ్యా, అందులో వెతకొచ్చుగా?"

వెతికాం. మా గదిలో నాలుగు కంప్యూటర్లు. 'స్వతంత్ర' అని కొట్టగానే నాలుగు తెరలూ తెల్లగా అయిపోయాయి. ఆ మాట ఎవరు కొట్టినా తెర తెల్లబడాలని రెండేళ్ల క్రితం మా విభాగమే ఏర్పాటు చేసింది.

"చూశారా సార్, ఎంత పకడ్బందీగా పనిచేస్తోందో!" అన్నారు సూపరింటెండెంటుగారు. ఆయన కళ్లు చెమర్చాయి. ఆ ఏర్పాటు ఆయనదే.

"అభ్యుదయ అని కొట్టి చూడు."

అది కొడితే తెర నల్లబడింది. అది ఆయన కింద పనిచేసేవాళ్ల ఏర్పాటు.

ఇక ఎనిమిది రోజులుందనగా సూపరింటెండెంటుగారికి కాళ్లూ చేతులూ ఆడలేదు. మధ్యాహ్నం టీ చల్లారిపోతున్నా ముట్టుకోకుండా, "వంద ఎక్కడి నుంచి తెచ్చేదమ్మా? పుట్టించాలా?" అని గోడతో అన్నారు. గోడకీ ఆయనకీ మధ్య నేనున్నాను.

అడగకుండా ఆ ఆఫీసులో నేనెప్పుడూ నోరు విప్పలేదు. కాంట్రాక్టు మనుషులం విప్పం. అయినా గొంతు సవరించుకుని, "సార్, మన దగ్గరే ఉన్నాయి కదండీ" అన్నాను.

"ఏవి?"

"మూసినవి. రిజిస్టరులో మూడు వందల పన్నెండు ఉన్నాయి. పేర్లతో సహా."

ఆయన నన్ను, రిజిస్టరును, మళ్లీ నన్ను చూశారు. తరవాత లేచి నిలబడ్డారు. ఆయన నా ముందు నిలబడటం అదే మొదటిసారి, ఇప్పటికి అదే చివరిసారి.

"అమ్మాయ్! దేశంలో ఉన్న ఒక్కొక్క స్వతంత్ర బ్లాగునీ గాలించి, చదివి, అర్థం చేసుకున్న సంస్థ మనది కాక ఇంకోటి ఉందా? మూసేటప్పుడే వెతికేశాం కదమ్మా!"

"మరి ఇవన్నీ మూసి ఉన్నాయి కదండీ, తెరవాలేమో..."

"పుస్తకంలో వేసేది పేర్లు. పేర్లు మూసి లేవుగా?"

డైరెక్టరుగారు విని సూపరింటెండెంటుగారి భుజం తట్టారు. మంత్రిగారు విని డైరెక్టరుగారి భుజం తట్టారు. నా దగ్గరికి వచ్చేసరికి తట్టడానికి సమయం లేకపోయింది. మేనల్లుడి బ్లాగునీ సిమెంటు బ్లాగునీ వచ్చే ఏటి పుస్తకానికి దాచిపెట్టి, ఆ సాయంత్రమే రిజిస్టరులోంచి వందను ఏరడం మొదలైంది. 'ఎందుకు మూశాం' అనే గడిలో ఉన్నవాటినే కొద్దిగా సవరించి బ్లాగు పరిచయంగా వేయాలని మంత్రిగారు స్వయంగా సూచించారు. "లెక్కలు అడిగినందున" అన్నది "లెక్కలపై ఆసక్తి గల బ్లాగు" అయింది. "వంతెన కూలిన ఫొటో పెట్టినందున" అన్నది "చక్కని ఛాయాచిత్రాలు" అయింది. "ఎంత హెచ్చరించినా మానకపోవడం వల్ల" అన్నది "క్రమం తప్పకుండా వెలువడుతుంది" అయింది. నేను చదువుతుంటే డైరెక్టరుగారు ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టారు. కొన్నిటి దగ్గర మాత్రం "ఇది మరీ స్వతంత్రంగా ఉంది, తీసెయ్" అన్నారు.

రెండు వందల ఎనిమిది మాత్రం కాస్త మెల్లగా చదివాను. "మన కుళాయి. నీళ్ల గురించి రాస్తాడు సార్. రెండు మాటలే రాస్తాడు."

"రెండు మాటలా? మంచిది. విదేశీయులకు చదవడం సులువు" అని టిక్కు పెట్టారు.

ఆ రోజు ఇంటికి వెళ్లి పక్కింటి అక్కతో చెప్పాను. నేను ఆఫీసుకి వెళ్లేటప్పుడు చిన్నదాన్ని ఆవిడ దగ్గరే వదిలి వెళ్తాను. వరసకి ఏమీ కాకపోయినా సొంత అక్క కంటే ఎక్కువ.

"అక్కా, నీళ్ల మాస్టారి బ్లాగు మళ్లీ వచ్చేటట్టుంది."

"నిజమా! నీ నోట్లో చక్కెర పొయ్య" అంది అక్క. "ఆ బ్లాగు ఉన్నన్నాళ్లూ నిశ్చింతగా ఉండేదే. ఇప్పుడు కుళాయి కింద గ్లాసు పెట్టాలంటే భయం. బజారులో డబ్బా నీళ్లు మోసి మోసి నా నడుం పడిపోయింది. మీ ఆఫీసువాళ్లు ఒక్క మంచిపని చేస్తే నేను వాళ్లకి దండం పెడతా."

నెలాఖరు రానే వచ్చింది. పెద్ద హాలు. ముందు వరసలో విదేశీ బృందం, ఆరుగురు. మధ్యలో ఆ నోటుబుక్కు ఆవిడ. బంగారు అక్షరాల అట్టతో 'మన స్వతంత్ర బ్లాగులు: వంద' అనే పుస్తకం అందరి ఒళ్లోనూ పెట్టారు. చేతికి బరువుగా ఉండాలని చివర్లో ఇరవై ఖాళీ పేజీలు కూడా కుట్టించారు. పేజీలు మార్చడానికి వేదిక పక్కన కంప్యూటరు ముందు నన్ను కూర్చోబెట్టారు.

మంత్రిగారు నలభై నిమిషాలు మాట్లాడారు. స్వేచ్ఛ అనే మాట ముప్పై ఒక్కసార్లు వచ్చింది. నేను లెక్కపెట్టలేదు, లెక్కపెట్టడానికి వేరే మనిషిని పెట్టారు. తరవాత ఆ విదేశీ ఆవిడ లేచి, "మొదటి బ్లాగు చూపిస్తారా?" అంది. పక్కనున్న దుబాసీ మా భాషలో చెప్పాడు.

నేను నొక్కాను. పెద్ద తెర మీద ఒకే ఒక్క వాక్యం వచ్చింది. "ఈ పేజీ ప్రజాప్రయోజనం దృష్ట్యా మూసివేయబడినది."

దుబాసీ దాన్ని ఆవిడ భాషలో చెప్పాడు. ఆవిడ పుస్తకం తిప్పింది. "పన్నెండోది?"

నొక్కాను. అదే వాక్యం.

"యాభై నాలుగు?"

అదే.

ఆవిడ మంత్రిగారి వైపు తిరిగి, "అందరూ ఒకే మాట రాశారేమిటండీ?" అంది.

ఇంకొకరైతే ఆ వేదిక మీదే కుప్పకూలేవారు. మా మంత్రిగారు చిరునవ్వు నవ్వారు. "అదేనమ్మా మా దేశం గొప్పతనం. వంద మంది, వంద ఊళ్లు, వంద మనస్తత్వాలు. అయినా రాసేటప్పటికి ఒకే మాట. ఇంతటి ఐకమత్యం మీ దేశంలో ఉందా?"

ముందు మా వాళ్లు చప్పట్లు కొట్టారు. ఆవిడ మాత్రం కొట్టలేదు. "ఎప్పుడు తెరుస్తారు?" అని అడిగింది.

"రేపు ఉదయం పది గంటలకు" అన్నారు మంత్రిగారు, రెప్ప వేయకుండా.

"మేం ఇంకా మూడు రోజులు ఇక్కడే ఉంటాం. రోజూ చూస్తాం" అని ఆవిడ నోటుబుక్కులో రాసుకుంది.

రేపు పదింటికి 'మన కుళాయి' తెరుచుకుంటుంది!

ఆ మధ్యాహ్నమే ఆఫీసులో కదలిక మొదలైంది. వంద బ్లాగులు తెరవడం ఒక్క బటను పని. మూయకముందు రాసిన పాతవన్నీ తీసేసి, కొత్తవి పెట్టాలని డైరెక్టరుగారు ఆదేశించారు. కొత్తవి పెట్టాలంటే రాసేవాళ్లు కావాలి. నేను రిజిస్టరు పట్టుకుని ఫోన్లు చేశాను. వందలో నలభై మంది దేశంలో లేరు. ముప్పై మంది దేశంలోనే ఉన్నారు గానీ బయట లేరు. ఇంకో ఇరవై తొమ్మిది మంది మా ఆఫీసు పేరు చెప్పగానే ఫోను పెట్టేశారు. వచ్చింది ఒక్క నీళ్ల మాస్టారే, పేజీ మూతపడ్డాక కాలనీ వదిలి ఊరి అవతల ఉంటున్నాడు. చేతిలో పరీక్ష కాగితాల డబ్బా, కాళ్లకి అరిగిపోయిన చెప్పులు. నన్ను గుర్తుపట్టి, "పాప ఎలా ఉందమ్మా?" అన్నాడు. బాగుందన్నాను. సూపరింటెండెంటుగారు ఆయన్ని కూర్చోమన్నారు.

"మాస్టారూ, మీరు రేపటి నుంచి రాయొచ్చు. పూర్తి స్వేచ్ఛ."

"సంతోషమండీ. పొద్దున్నే తిరిగి, రాసేస్తాను."

"నీళ్లు బాగున్న రోజు రాయండి."

"మరి బాగోని రోజు?"

"ఆ రోజు మీకు సెలవు."

మాస్టారు డబ్బా మూత పెట్టి, "అయితే ఏడాది పొడుగునా నాకు సెలవేనండీ" అని లేచారు.

"కూర్చోండి, కూర్చోండి. 'వద్దు' అనే బదులు 'ఆలోచించి తాగండి' అని రాస్తే?"

"రెండేళ్ల పిల్ల ఎలా ఆలోచిస్తుందండీ?"

సూపరింటెండెంటుగారికి కోపం రాలేదు. ఆయన ఓర్పు గురించి శాఖలో అందరూ చెప్పుకుంటారు. "అవకాశం ఇచ్చినా వాడుకోరు ఈ స్వతంత్రులు" అని మాత్రం అన్నారు. మాస్టారు మెట్లు దిగుతుంటే వెనకే వెళ్లి, "మీరు ఎలాగో ఒకలా రాయండి మాస్టారూ" అని బతిమాలాను. "ఎలాగో ఒకలా రాయడానికి నేనెందుకమ్మా, మీ ఆఫీసు నిండా ఉన్నారుగా" అని ఆయన వెళ్లిపోయారు.

ఆ మాట సూపరింటెండెంటుగారి చెవిన పడ్డట్టుంది. పావుగంటలో ఆదేశం వచ్చింది. వంద బ్లాగులనూ విభాగంలోని సిబ్బందికి పంచారు. వంతెనల బ్లాగు అటెండరుకి, లెక్కల బ్లాగు లెక్కలు రాని గుమాస్తాకి, ఆడవాళ్ల హక్కుల బ్లాగు డ్రైవరుకి. ఎవరు రాస్తున్నారో బయట చెప్పకూడదు, చెబితే బ్లాగు స్వతంత్రం దెబ్బతింటుంది అని అందరి దగ్గరా సంతకాలు తీసుకున్నారు.

"నీకు 'మన కుళాయి' ఇస్తున్నానమ్మా. మొదటి నుంచీ దాని మీద నీకు ఆసక్తి ఉంది కదా" అన్నారు సూపరింటెండెంటుగారు. "నీ కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు. బ్లాగు ఉన్నన్నాళ్లూ నువ్వు ఉంటావు."

"సార్, నాకు పరీక్ష చేయడం రాదండీ. తొమ్మిదో తరగతి కూడా..."

"పరీక్ష ఎందుకు? చేస్తే పరీక్ష ఫలితం మీద ఆధారపడినట్టు అవుతుంది. కమిటీలో నిర్ణయించుకున్నాం కదా, నువ్వే రాసుకున్నావు."

అది నిజమే. నేనే రాసుకున్నాను.

ఇంట్లో బియ్యం డబ్బా, చిన్నదాని మందుల చీటీ, ఇంటి ఓనరు మొహం, అన్నీ ఒకదాని వెనక ఒకటి నా కళ్ల ముందు తిరిగాయి. సంతకం పెట్టాను.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు కూర్చుని కొట్టడం మొదలుపెట్టాను. "ఒకటో వీధి: తాగొచ్చు. రెండో వీధి: తాగొచ్చు." ఆరో వీధి వరకు వేళ్లు బాగానే నడిచాయి. అక్కడ ఆగాయి. ఒక గ్లాసు మంచినీళ్లు తాగి, ఎనిమిదో వీధి నుంచి పన్నెండు వరకు కొట్టేశాను. ఎవరూ గమనించరులే అనుకున్నాను.

సూపరింటెండెంటుగారు నా వెనక నిలబడి, కళ్లజోడు సవరించుకుని చదివారు. ఎంత పని ఒత్తిడిలోనూ చిన్న చిన్న విషయాలు వదిలిపెట్టని మనిషి ఆయన.

"ఏడో వీధి మరిచిపోయావమ్మా."

"అది... అక్కడ కుళాయి సరిగ్గా రాదండీ."

"నీళ్లు రాకపోయినా వార్త రావాలి. లేచి నిలబడు" అని, నా కుర్చీలో కూర్చుని, ఒక్క వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆయనే కొట్టారు. "ఏడో వీధి: తాగొచ్చు." ఒక్కసారి చదువుకుని, చివర ఆశ్చర్యార్థకం కూడా పెట్టారు. సరిగ్గా పది గంటలకు వందా తెరుచుకున్నాయి.

పదకొండుకల్లా విదేశీ ఆవిడ ఫోను చేసి మంత్రిగారిని అభినందించిందట. తొంభై తొమ్మిది బ్లాగులు ఆవిడకి పెద్దగా నచ్చలేదట గానీ, 'మన కుళాయి' చదివి కదిలిపోయిందట. ఇంత సరళంగా, ఇంత ధైర్యంగా, నేరుగా ప్రజల అవసరం గురించి రాసే బ్లాగు తమ దేశంలో కూడా లేదని అందట. మంత్రిగారు ఆ మాట పత్రికల వాళ్లకి చెప్పారు. సూపరింటెండెంటుగారు మిఠాయి పంచారు. నేను ఇంటికి ఫోను చేద్దామని నాలుగుసార్లు లేచాను. నాలుగుసార్లూ ఎవరో ఒకరు వచ్చి చెయ్యి కలిపారు.

సాయంత్రం బస్సు దిగి పరుగున వెళ్లాను. అక్క గుమ్మంలోనే ఎదురొచ్చింది, ఫోను పైకెత్తి ఊపుతూ.

"వచ్చిందే! మన బ్లాగు వచ్చింది! కాలనీ అంతా ఒకటే సంబరం. చూడు, మన వీధి కూడా బాగుందట!"

"చిన్నదేదక్కా?"

"లోపల ఆడుకుంటోంది. పొద్దుటి నుంచి నా పిల్లలకీ, నీ బుడంకాయకీ కుళాయి నీళ్లే. డబ్బా మోసే బాధ తప్పింది. నాలుగు గ్లాసులు తాగింది నీ కూతురు, ఎన్నాళ్లకో అడ్డు చెప్పేవాళ్లు లేరని."

నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. "అక్కా, ఆ నీళ్లు పట్టకు. ఆ బ్లాగుని నమ్మకు."

"ఏం మాటే అది? దాన్ని నమ్మినన్నాళ్లూ మనకేం కాలేదు. అది లేకపోబట్టే కదా నీ పిల్ల ఆసుపత్రి పాలైంది?"

"అది మాస్టారు రాసింది కాదక్కా. నేను రాశాను."

సంతకం పెట్టిన సంగతి అప్పుడు నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చినా అదే మాట అనేదాన్ని. అక్క నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వా?"

"నేనే. ఆఫీసులో కూర్చుని రాశాను. ఏ నీళ్లూ చూడలేదు."

"చాల్లే సంబడం! తొమ్మిదో తరగతి మధ్యలో మానేసినదానివి, నీకు పన్నెండు వీధుల నీళ్లు పరీక్ష చేయడం వచ్చా? మధ్యాహ్నం మంత్రిగారు టీవీలో చెప్పారు, ఎవరో పెద్ద చదువు చదివినాయన రాస్తున్నాడని." అక్క ఫోను నా మొహం ముందు పెట్టింది. "సరే, నువ్వే రాశావనుకో. ఇదిగో, ఏడో వీధి తాగొచ్చు అని ఇంత నమ్మకంగా రాశారే, ఇదీ నువ్వే రాశావా?"

"లేదక్కా. ఆ ఒక్కటీ మా సూపరింటెండెంటుగారు రాశారు."

అక్క నవ్వింది. నవ్వి నవ్వి చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"పిచ్చిదానా, అబద్ధం ఆడటం కూడా రాదే నీకు" అంటూ, ఆటలో దప్పికేసి పరుగెత్తుకొచ్చిన చిన్నదాని కోసం బిందెలో గ్లాసు ముంచింది.